చెక్‌ప్యాచ్‌లో ఆ "20 మిల్లీసెకన్ల" వార్నింగ్ ఎందుకు తీసేశారు? కస్టమ్ కెర్నల్ చేసేవాళ్ల కోసం వివరంగా

ఫోన్‌కి సొంతంగా కెర్నల్ బిల్డ్ చేసుకునేవాళ్లకి, లినక్స్ కెర్నల్‌కి మొదటి ప్యాచ్ పంపుదామని చూస్తున్న బీటెక్ స్టూడెంట్స్‌కి ఒక పసుపు రంగు లైన్ బాగా పరిచయం. డ్రైవర్ కోడ్‌లో ఎంస్లీప్(5) అనో ఎంస్లీప్(10) అనో రాసి చెక్‌ప్యాచ్ రన్ చేస్తే చాలు, వెంటనే వస్తుంది: 20 మిల్లీసెకన్ల కంటే తక్కువ ఎంస్లీప్ ఇస్తే అది 20 మిల్లీసెకన్ల దాకా నిద్రపోవచ్చు, డాక్యుమెంట్ చూసుకోండి అని.

2025 జనవరిలో విడుదలైన లినక్స్ 6.13లో ఆ వార్నింగ్ లేదు. దాంతో పాటు టైమ్‌కి సంబంధించిన మరో మూడు చెక్‌లు కూడా పోయాయి. "అబ్బా, ఒక తలనొప్పి తగ్గింది" అనుకుని వదిలేసే విషయం కాదిది. ఎందుకు తీసేశారో అర్థమైతే కెర్నల్‌లో టైమ్ ఎలా నడుస్తుందో సగం అర్థమైనట్టే. పైగా మీ ఫోన్ కెర్నల్ 6.6 లేదా 6.12 మీద ఉంటే, మీ సోర్స్ ఫోల్డర్‌లో ఉన్న స్క్రిప్ట్ ఇంకా ఆ పాత మాటే చెబుతూ ఉంటుంది. దాని మాట విని కోడ్ మార్చాలా వద్దా అన్నది మీరే తేల్చుకోవాలి.

చెక్‌ప్యాచ్ సంగతి రెండు ముక్కల్లో

కెర్నల్ సోర్స్‌లో స్క్రిప్ట్స్ అనే ఫోల్డర్‌లో ఉండే పెర్ల్ స్క్రిప్ట్ ఇది. 2007లో ఆండీ విట్‌క్రాఫ్ట్ చేతుల మీదుగా కెర్నల్‌లోకి వచ్చింది, తర్వాత చాలా ఏళ్లు జో పెర్చెస్ చూసుకున్నారు. మీ ప్యాచ్ ఇస్తే, ప్లస్ గుర్తుతో మొదలయ్యే లైన్లు చదివి ఎర్రర్, వార్నింగ్, చెక్ అని మూడు రకాల కంప్లైంట్స్ ఇస్తుంది. మూడోది స్ట్రిక్ట్ ఆప్షన్ పెడితేనే కనిపిస్తుంది.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే. చెక్‌ప్యాచ్ మీ కోడ్‌ని కంపైల్ చేయదు, రన్ చేయదు, ఫంక్షన్‌ని ఎవరు పిలుస్తున్నారో చూడదు. దానికి కనిపించేది అక్షరాలే. ఎంస్లీప్ వార్నింగ్‌నే తీసుకోండి. లోపల ఉన్న లాజిక్ అంతా ఇంతే: "ఎంస్లీప్" అనే పదం, తర్వాత బ్రాకెట్, లోపల అంకెలు, బ్రాకెట్ క్లోజ్, సెమీకోలన్. ఆ అంకె 20 కంటే తక్కువైతే వార్నింగ్ కొట్టు. అయిపోయింది.

అంటే ఎంస్లీప్(5) అని రాస్తే వార్నింగ్ వస్తుంది. అదే 5ని పైన "రీసెట్ డిలే" అని ఒక మాక్రోగా పెట్టుకుని ఎంస్లీప్ లోపల ఆ పేరు రాస్తే స్క్రిప్ట్ నోరెత్తదు. రెండు కోడ్‌లూ మెషీన్‌లో చేసే పని ఒక్కటే. చాలామంది ఈ వార్నింగ్‌ని ఇలాగే "ఫిక్స్" చేశారు కూడా.

అసలు 20 ఎక్కడి నుంచి వచ్చింది?

2010లో కెర్నల్ 2.6.36 టైమ్‌లో యూస్లీప్ రేంజ్ అనే కొత్త ఫంక్షన్ వచ్చింది. మైక్రోసెకన్లలో "కనీసం ఇంత, గరిష్ఠంగా ఇంత" అని రెండు నంబర్లు ఇస్తే, హై రిజల్యూషన్ టైమర్ వాడి ఆ మధ్యలో ఎప్పుడో లేపుతుంది. దాంతో పాటే "టైమర్స్ హౌటూ" అని ఒక చిన్న డాక్యుమెంట్ రాశారు, దాన్ని చూడమని చెప్పే వార్నింగ్‌లు చెక్‌ప్యాచ్‌లో పెట్టారు. ఉద్దేశం మంచిదే. డ్రైవర్లు రాసేవాళ్లు ఎంస్లీప్(1) అని రాసి నిజంగా 1 మిల్లీసెకనే అనుకునేవాళ్లు. ఫోన్ స్క్రీన్ ఆన్ అయ్యే దారిలో అలాంటివి 50 ఉన్నాయనుకోండి. మనం 50 మిల్లీసెకన్లు అనుకున్నది, ఒక్కొక్కటి 20 తింటే, మొత్తం 1 సెకను అవుతుంది. పవర్ బటన్ నొక్కి సెకను ఆగాలంటే ఆ ఫోన్‌కి రివ్యూలో మనం ఏం రాస్తామో తెలిసిందే కదా.

కాకపోతే ఆ 20 అనే నంబర్ ప్రకృతి నియమం కాదు. ఒక సెట్టింగ్‌ని బట్టి వచ్చిన లెక్క. దాని పేరు హెచ్‌జెడ్.

హెచ్‌జెడ్: పదేసి నిమిషాలకు దూకే ముల్లు

గుడివాడ బస్టాండ్‌లో ఒక పాత గోడ గడియారం ఉందనుకుందాం. దాని ముల్లు మెల్లగా జరగదు, పది నిమిషాలకోసారి ఒక్క దూకు దూకుతుంది. మీరు బందరు బస్సు కోసం వచ్చి బెంచీ మీద పడుకుంటూ పక్కన టీకొట్టు బాబాయ్‌తో "బాబాయ్, కనీసం ఐదు నిమిషాలు పడుకోనిచ్చి లేపు, ముందు మాత్రం లేపకు" అన్నారు. ఆయనకున్న గడియారం అదొక్కటే. మీరు చెప్పేసరికి ముల్లు ఇప్పుడే దూకిందో, ఇంకో అర నిమిషంలో దూకబోతోందో ఆయనకు తెలీదు. తర్వాతి దూకుకే లేపితే మీరు అర నిమిషమే పడుకుని ఉండొచ్చు. అందుకని మొదటి దూకు వదిలేసి రెండో దూకుకి లేపుతాడు. మీరు పడుకున్నది పది నిమిషాల పైన, ఇరవై లోపు. అడిగింది ఐదు.

ఎంస్లీప్ చేసేది అచ్చంగా ఇదే. కెర్నల్‌కి సెకనుకి ఇన్నిసార్లు అని టిక్ ఉంటుంది. ఆ సంఖ్యే హెచ్‌జెడ్. 100 అయితే టిక్‌కి 10 మిల్లీసెకన్లు, 250 అయితే 4, 1000 అయితే 1. మీరిచ్చిన మిల్లీసెకన్లను పైకి రౌండ్ చేసి టిక్‌లుగా మారుస్తారు, ఆల్రెడీ సగంలో ఉన్న టిక్‌ని లెక్కలోకి తీసుకోకుండా ఇంకొకటి కలుపుతారు. ముందుగా లేపడం జరగకూడదు, అదొక్కటే గ్యారంటీ.

ఇప్పుడు ఒక టచ్ ప్యానెల్ డ్రైవర్ తీసుకుందాం. రీసెట్ పిన్ కిందకి లాగి కనీసం 5 మిల్లీసెకన్లు ఉంచాలని డేటాషీట్‌లో రాసుంది. మీరు ఎంస్లీప్(5) రాశారు. హెచ్‌జెడ్ 100 ఉన్న కెర్నల్‌లో ఇది 10 నుంచి 20 మిల్లీసెకన్లు పడుకుంటుంది. 250 ఉంటే 5 అంటే రెండు టిక్‌లు, కాబట్టి 8 నుంచి 12. 1000 ఉంటే 5 నుంచి 6. సీపీయూ బిజీగా ఉంటే దాని మీద ఇంకాస్త, అది వేరే సంగతి. ఒకే లైన్ కోడ్, మూడు కెర్నల్స్‌లో మూడు రకాల ప్రవర్తన.

వార్నింగ్ ఏమంటోంది? మూడింటిలోనూ "20 మిల్లీసెకన్ల దాకా" అంటోంది. మూడింటిలో ఒక్కచోటే అది నిజం. ఎంస్లీప్(1) అయితే తేడా ఇంకా బాగా కనిపిస్తుంది: హెచ్‌జెడ్ 100లో 20 దాకా పోతుంది, 1000లో 2 దాటదు. పదిరెట్ల తేడా.

ఇంకో తమాషా చూడండి. హెచ్‌జెడ్ 100 ఉన్న చోట కూడా ఈ వాక్యం పూర్తిగా నిజం కాదు. ఎంస్లీప్(15) ఇస్తే? 15 అంటే పైకి రౌండ్ చేస్తే రెండు టిక్‌లు, సగం టిక్ కోసం ఇంకొకటి, అంటే 30 మిల్లీసెకన్ల దాకా. కానీ 15 అనేది 20 కంటే తక్కువ కాబట్టి వార్నింగ్ మాత్రం "20 దాకా" అనే చెబుతుంది. ఎక్కువ భయపెట్టాల్సిన చోట తక్కువ, అవసరం లేని చోట ఎక్కువ. ఇలాంటి మెసేజ్ చదివి ఎవరైనా ఏం నేర్చుకుంటారు?

వార్నింగ్ మాట వింటే నష్టం ఏంటి?

"సరే, తప్పు చెబుతోంది. కానీ దాని మాట విని యూస్లీప్ రేంజ్ పెట్టేస్తే పోయేదేముంది, ఇంకా కరెక్ట్ టైమ్ వస్తుంది కదా?" ఈ ప్రశ్న జూనియర్లు తరచుగా అడుగుతుంటారు. పోయేది ఉంది.

పైన చెప్పిన టచ్ డ్రైవర్ కొన్నేళ్లుగా హెచ్‌జెడ్ 100 మీద నడుస్తోందనుకోండి. కోడ్‌లో 5 అని ఉన్నా హార్డ్‌వేర్‌కి అందుతున్నది ఎప్పుడూ 10 పైనే. నిజానికి ఆ చిప్‌కి 8 కావాలేమో, డేటాషీట్‌లో తప్పు రాశారేమో, బోర్డు మీద కెపాసిటర్ వల్ల పవర్ నిలకడగా రావడానికి ఇంకాస్త టైమ్ పడుతోందేమో. ఎవరికీ తెలీదు, ఎందుకంటే ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఇప్పుడు మీరు "చెక్‌ప్యాచ్ వార్నింగ్ ఫిక్స్" అని 5000 నుంచి 5500 మైక్రోసెకన్లు అని మార్చారు. కంపైల్ అయింది, చెక్‌ప్యాచ్ క్లీన్. ఎక్కడో ఎవరి ఫోన్‌లోనో పదిసార్లలో ఒకసారి స్క్రీన్ వెలుగుతుంది కానీ టచ్ పనిచేయదు. ఆ బగ్ పట్టుకోవడం ఎంత నరకమో రామ్‌లు ఫ్లాష్ చేసేవాళ్లకి చెప్పక్కర్లేదు.

అందుకే ఇలాంటి ప్యాచ్‌లకి మెయింటైనర్ల నుంచి వచ్చే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: హార్డ్‌వేర్ మీద టెస్ట్ చేశావా? చేతిలో ఆ హార్డ్‌వేర్ లేకుండా వార్నింగ్ చూసి మార్చినవాళ్ల దగ్గర దీనికి జవాబు ఉండదు. మొదటి ప్యాచ్ అక్కడే ఆగిపోతుంది, చాలామంది రెండోది పంపరు. తప్పు వాళ్లదని నేననుకోను. టూల్ చెప్పింది, వాళ్లు చేశారు.

బ్యాటరీ కోణం కూడా ఉంది. ఎంస్లీప్ టిక్‌తో పాటు నడుస్తుంది, యూస్లీప్ రేంజ్ తనకంటూ వేరే టైమర్ ఇంటరప్ట్ పెట్టుకుంటుంది. రీసెట్ లాగా ఎప్పుడో ఒకసారి జరిగే పనికి ఫర్వాలేదు. సెన్సర్‌ని అదే పనిగా పోల్ చేసే లూప్‌లో ఇరుకైన రేంజ్ పెడితే సీపీయూ అనవసరంగా లేస్తూనే ఉంటుంది.

యూడిలే వార్నింగ్: ఇది ఇంకా ప్రమాదం

తీసేసిన నాలుగింటిలో నా దృష్టిలో అన్నిటికంటే ముందు పోవాల్సింది ఇది. యూడిలే(10) గానీ అంతకంటే ఎక్కువ గానీ రాస్తే, దానికంటే యూస్లీప్ రేంజ్ మంచిదని స్ట్రిక్ట్ మోడ్‌లో చెక్‌ప్యాచ్ చెప్పేది.

యూడిలే నిద్రపోదు. సీపీయూ అక్కడే లూప్‌లో తిరుగుతూ టైమ్ గడుపుతుంది. పవర్ వేస్ట్, ఆ కోర్ మీద ఇంకో పని జరగదు. కాబట్టి నిద్రపోగలిగిన చోట నిద్రపోవడమే మంచిది, ఇందులో అనుమానం లేదు. కానీ నిద్రపోకూడని చోట్లు ఉంటాయి. ఇంటరప్ట్ హ్యాండ్లర్ లోపల, స్పిన్‌లాక్ పట్టుకుని ఉన్నప్పుడు. దీన్నే అటామిక్ కాంటెక్స్ట్ అంటారు.

రైల్వే గేటు దగ్గర గేట్‌మ్యాన్‌ని ఊహించుకోండి. గేటు వేసి ఉంది, అటూ ఇటూ ఆటోలు, ట్రాక్టర్లు, ధాన్యం లారీలు ఆగి ఉన్నాయి. రైలు రావడానికి ఇంకో నిమిషం ఉందని ఆయన గదిలోకి వెళ్లి కునుకు తీస్తే? నిలబడి ఎదురుచూడటం వేస్ట్‌లా కనిపించొచ్చు, కానీ గేటు తాళం ఆయన దగ్గర ఉన్నంతసేపు ఆయన అక్కడే ఉండాలి. స్పిన్‌లాక్ అంటే ఆ తాళమే. దాన్ని పట్టుకుని నిద్రపోతే దాని కోసం తిరుగుతున్న మిగతా కోర్లన్నీ ఆగిపోవచ్చు. కెర్నల్ లాగ్‌లో "షెడ్యూలింగ్ వైల్ అటామిక్" అనే బగ్ మెసేజ్ వస్తుంది, కొన్ని కాన్ఫిగరేషన్లలో ఫోన్ నేరుగా రీబూట్ అవుతుంది.

యూడిలే రాసిన లైన్ అటామిక్ కాంటెక్స్ట్‌లో ఉందా లేదా అన్నది చెక్‌ప్యాచ్‌కి తెలిసే ఛాన్సే లేదు. లాక్ పట్టుకున్నది రెండు ఫంక్షన్ల పైన, వేరే ఫైల్‌లో ఉండొచ్చు. ప్యాచ్‌లో ఆ ఫైల్ కనిపించను కూడా కనిపించదు. అయినా స్క్రిప్ట్ సలహా ఇచ్చేస్తుంది. స్టేజింగ్ డ్రైవర్లలో, అంటే కొత్తవాళ్లు ప్రాక్టీస్ చేసే చోట, ఈ సలహా పట్టుకుని యూడిలేని యూస్లీప్ రేంజ్‌గా మార్చే ప్యాచ్‌లు ఏళ్ల తరబడి వచ్చాయి.

మిగతా రెండూ

ఒకటి, యూస్లీప్ రేంజ్‌కి కనీసం, గరిష్ఠం రెండూ ఒకే నంబర్ ఇస్తే వచ్చే వార్నింగ్. రేంజ్ ఉంటే కెర్నల్ ఒకే ఇంటరప్ట్‌తో ఇద్దరిని లేపే వీలుంటుంది, అందుకే వెసులుబాటు ఇవ్వమంటారు. కానీ కచ్చితమైన టైమ్ కావాల్సిన హార్డ్‌వేర్ అయితే రెండూ ఒకటే ఇవ్వడం తప్పేం కాదు.

రెండోది, యూడిలేకి 2000 కంటే ఎక్కువ ఇస్తే ఎండిలే వాడమనే వార్నింగ్. యూడిలేకి పెద్ద నంబర్ ఇస్తే లోపలి లెక్క ఓవర్‌ఫ్లో అయ్యే ప్రమాదం ఉంది, అది నిజమే. కానీ ఆ హద్దు ఆర్కిటెక్చర్‌ని బట్టి మారుతుంది. 32 బిట్ ఆర్మ్‌లో 2 మిల్లీసెకన్లు, వేరేగా చెప్పని చోట 5. స్క్రిప్ట్‌లో మాత్రం అందరికీ 2000 అని రాసేశారు.

తీసేసిన తీరు

ఈ పని చేసింది అన్నా-మరియా బెన్సెన్. లినుట్రోనిక్స్‌లో కెర్నల్ టైమర్ల మీద పనిచేసే డెవలపర్. 2024 సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో ఒక ప్యాచ్ సిరీస్‌గా పంపారు, చెక్‌ప్యాచ్ మార్పు అందులో ఒక ముక్క మాత్రమే. ప్యాచ్ మెసేజ్‌లో ఆవిడ తన పెర్ల్ పరిజ్ఞానం ఆ పదం స్పెల్లింగ్ రాయగలిగేంతే అని జోక్ కూడా వేసుకున్నారు. కెర్నల్‌లో అంత లోతుగా పనిచేసేవాళ్లు కూడా తెలియంది తెలియదని రాస్తారన్నమాట. మొదటి ప్యాచ్ పంపడానికి భయపడేవాళ్లు ఇది గమనించండి.

నేర్చుకోవాల్సింది ఆ మెసేజ్ రాసిన పద్ధతి నుంచి. "ఈ వార్నింగ్‌లు చిరాగ్గా ఉన్నాయి, తీసేస్తున్నా" అని లేదు. నాలుగు చెక్‌లనీ విడివిడిగా తీసుకుని, స్క్రిప్ట్‌లో ఉన్న కండిషన్ ఏంటి, అది ఇచ్చే మెసేజ్ ఏంటి, అది ఎందుకు తప్పు అని ఒక్కోదానికి మూడు ముక్కలు రాశారు. పైన నేను చెప్పిన కారణాల్లో అసలువి అవే: అటామిక్ కాంటెక్స్ట్‌లో యూడిలే తప్పనిసరి, కచ్చితత్వం కావాలంటే రెండూ సమానంగా ఉండొచ్చు, 2000 హద్దు ఆర్కిటెక్చర్‌ది, 20 హద్దు హెచ్‌జెడ్‌ది.

అంతకంటే ముఖ్యంగా వార్నింగ్ తీసేసి ఖాళీ వదిలేయలేదు. అదే సిరీస్‌లో ఫంక్షన్ల పక్కన ఉండే వివరణలు సరిచేశారు. పాతబడిన టైమర్స్ హౌటూ డాక్యుమెంట్ స్థానంలో డిలే, స్లీప్ ఫంక్షన్ల మీద కొత్తది వచ్చింది. వార్నింగ్ ఏ డాక్యుమెంట్ చూడమని చెప్పేదో ఆ డాక్యుమెంటే తప్పని తేలాక, లింక్ మార్చి వార్నింగ్ ఉంచేయడం కుదరదు కదా.

ఇంకో విషయం చాలామంది గమనించలేదు. యూస్లీప్ రేంజ్‌లో కనీసం, గరిష్ఠం తారుమారు చేసి రాస్తే వచ్చే వార్నింగ్ ఆ నాలుగింటిలో లేదు. అది ఏ ఫోన్‌లోనైనా, ఏ హెచ్‌జెడ్‌లోనైనా తప్పే కాబట్టి. దాన్ని తీసేయకపోగా, అంకెలు నేరుగా రాసినప్పుడే స్క్రిప్ట్ పట్టుకోగలదని గుర్తించి, మాక్రోలూ వేరియబుల్స్ వాడినా దొరికేలా కెర్నల్ కోడ్ లోపలే రన్‌టైమ్ వార్నింగ్ పెట్టారు. టెక్స్ట్ చూసి తేల్చగలిగేది స్క్రిప్ట్‌లో ఉంది, రన్ అయితేనే తెలిసేది కెర్నల్‌లోకి వెళ్లింది, ఏ మెషీనూ తేల్చలేనిది డాక్యుమెంట్‌లోకి వెళ్లింది.

"తీసేసే బదులు మెసేజ్ మార్చొచ్చు కదా, హెచ్‌జెడ్‌ని బట్టి ఉంటుందని రాస్తే సరిపోయేది" అని కొందరంటారు. నేను ఒప్పుకోను. ప్రతి చిన్న ఎంస్లీప్ దగ్గరా "తప్పు కావచ్చు, కాకపోవచ్చు, చూసుకో" అనే వార్నింగ్ వస్తే వారం రోజుల్లో దాన్ని చదవడం మానేస్తాం. దాని పక్కనే వచ్చే నిజమైన వార్నింగ్‌ని కూడా మానేస్తాం. 2020లో 80 అక్షరాల లైన్ వార్నింగ్‌ని 100కి పెంచినప్పుడూ ఇలాంటి గొడవే. 80కి కుదించడం కోసం లైన్లను ముక్కలు చేసి కోడ్‌ని ఇంకా చదవలేకుండా చేసేవాళ్లు. అక్కడ హద్దు పెంచితే సరిపోయింది, ఇక్కడ పెంచడానికి సరైన హద్దంటూ లేదు.

మరి మీ ఫోన్ కెర్నల్‌లో ఏం చేయాలి?

ముందు మీ హెచ్‌జెడ్ ఎంతో చూసుకోండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ప్రాక్ ఫోల్డర్‌లో కాన్ఫిగ్ అనే కంప్రెస్డ్ ఫైల్ ఉంటుంది, ఏడీబీ షెల్‌లో జెడ్‌క్యాట్‌తో తెరిచి "కాన్ఫిగ్ హెచ్‌జెడ్" అని వెతికితే వచ్చేస్తుంది. గూగుల్ ఇచ్చే జీకేఐ కెర్నల్స్‌లో 250 ఉంటుంది. పాత ఫోన్ల వెండర్ కెర్నల్స్‌లో 100 కూడా కనిపిస్తుంది. మీ కస్టమ్ కెర్నల్‌లో దీన్ని 1000కి మార్చి "స్మూత్‌నెస్ పెరిగింది" అని పోస్ట్ పెట్టేవాళ్లున్నారు కదా, వాళ్లు తెలియకుండానే ప్రతి డ్రైవర్‌లోని ఎంస్లీప్ టైమింగ్‌ని కూడా మార్చేస్తున్నారు. పైన టచ్ ఉదాహరణలో 8 నుంచి 12 కాస్తా 5 నుంచి 6 అయిపోయింది చూడండి.

కొత్తగా కోడ్ రాసేటప్పుడు, అటామిక్ కాంటెక్స్ట్ కాదని ఖాయమైతే, ఎఫ్‌స్లీప్ వాడటం మంచిది. ఇది 2020లో 5.8తో వచ్చింది. మైక్రోసెకన్లు ఇస్తే ఏ పద్ధతి వాడాలో అదే ఎంచుకుంటుంది. మొదట్లో దీని లోపల కూడా అదే 20 మిల్లీసెకన్ల హద్దు ఉండేది. 6.13లో దాన్నీ సరిచేశారు: 10 మైక్రోసెకన్ల దాకా యూడిలే, నాలుగు టిక్‌ల కంటే తక్కువైతే 25 శాతం వెసులుబాటుతో యూస్లీప్ రేంజ్, ఆ పైన ఎంస్లీప్. నాలుగు టిక్‌లే ఎందుకంటే, ఎంస్లీప్ వల్ల అదనంగా పోయే ఒక టిక్ నాలుగింటిలో పావు వంతు, అంటే అదే 25 శాతం. హెచ్‌జెడ్ 250లో ఆ హద్దు 16 మిల్లీసెకన్లు, 1000లో 4. స్క్రిప్ట్‌లో కుదరని లెక్క ఇక్కడ కుదిరింది, ఎందుకంటే కంపైల్ అయ్యే కోడ్‌కి తన హెచ్‌జెడ్ తెలుసు.

ఆల్రెడీ పనిచేస్తున్న డ్రైవర్‌లో ఎంస్లీప్ కనిపిస్తే మాత్రం దాన్ని కదపకండి, టైమింగ్ వల్ల నిజంగా సమస్య వస్తే తప్ప. పాత స్క్రిప్ట్ గోల భరించలేకపోతే ఇగ్నోర్ ఆప్షన్‌లో ఎంస్లీప్, యూస్లీప్ రేంజ్, లాంగ్ యూడిలే అనే టైప్ పేర్లు ఇస్తే ఊరుకుంటుంది. కాకపోతే యూస్లీప్ రేంజ్ టైప్‌ని ఆపితే తారుమారు నంబర్ల వార్నింగ్ కూడా ఆగిపోతుంది. అందుకే నేనైతే ఎంస్లీప్ ఒక్కటే ఆపుతా. ఏ వార్నింగ్ ఏ టైపో తెలియాలంటే షో టైప్స్ ఆప్షన్ పెట్టండి.

నిజంగా మార్చాల్సి వస్తే కొలిచి మార్చండి. నిద్రకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కేటైమ్ గెట్‌తో టైమ్ తీసుకుని తేడాని లాగ్‌లో ప్రింట్ చేయండి. స్క్రీన్ ఆఫ్ ఆన్ చేస్తూ వందసార్లు రన్ చేసి, తక్కువలో తక్కువ ఎంత వచ్చింది, ఎక్కువలో ఎక్కువ ఎంత వచ్చింది రాసుకోండి. మార్పు తర్వాత మళ్లీ వందసార్లు. ఆ నాలుగు నంబర్లూ, మీ హెచ్‌జెడ్, టెస్ట్ చేసిన ఫోన్ మోడల్ ప్యాచ్ మెసేజ్‌లో పెట్టండి. "చెక్‌ప్యాచ్ వార్నింగ్ ఫిక్స్" అనే సబ్జెక్ట్ బదులు "రిజ్యూమ్‌లో ఇన్ని మిల్లీసెకన్లు తగ్గింది" అని రాయొచ్చు అప్పుడు. హార్డ్‌వేర్ మీద టెస్ట్ చేశావా అనే ప్రశ్న కూడా రాదు.